తడబడడం నేర్చుకున్న ఆదివారం

నా కళ్ళ గురించి ఊళ్ళో అందరికీ నాకంటే ఎక్కువ తెలుసు. పాలు పోసే ఆవిడ దగ్గర్నుంచి చర్చిలో నా పక్కన కూర్చునే పెద్దావిడ దాకా, ఎక్కడ చూపించుకోవాలో, కంట్లో ఏ రసం పిండుకోవాలో, ఏ ప్రార్థన కూడికకు వెళితే చూపు వస్తుందో చెప్పనివాళ్ళు లేరు. నేను లెక్కల టీచర్ని. కొవ్వూరు దాటాక కాలవగట్టు మీదున్న హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. తెలియని సంగతి తెలిసినట్టు మాట్లాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని. చూపు తగ్గాక ఊరందరినీ బెంచీ ఎక్కించాలనిపించేది.

నాకు వచ్చింది నీటికాసులు. అది నొప్పి పెట్టదు, కన్ను ఎర్రబడదు, పక్కవాళ్ళకు కనిపించదు. పక్కచూపును కొంచెం కొంచెంగా తినేస్తుంది. తలుపు రెక్కలు భుజానికి తగలడం, వరండాలో పిల్లలు నా మీద పడిపోవడం మొదలైతే ఈకాలం పిల్లలకు ఒళ్ళు తెలియడం లేదని వాళ్ళనే తిట్టాను. కళ్ళజోడు రెండుసార్లు మార్చాను. చివరికి కళ్ళ ఆసుపత్రికి వెళ్ళేసరికి కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో తాళంకప్ప కన్నమంత చూపు మిగిలింది, అదీ మసకగా. "పోయింది రాదమ్మా, ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నాడు డాక్టరు. చుక్కల మందు రాసిచ్చాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు అర నిమిషం పట్టింది. మర్నాడు పొద్దున్న లేచి నేను ఏం చెయ్యాలో మాత్రం ఆయనా చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు.

ఎవరూ చెప్పకపోతే మనిషి ఏం చేస్తుంది, దాచుకుంటుంది. రెండేళ్ళు దాచాను. పదో తరగతి లెక్కల పుస్తకం పేజీలతో సహా నాకు కంఠతా వచ్చు. బోర్డు మీద నేను రాయడం మానేసి పిల్లల చేత రాయించేదాన్ని. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన అది చూసి ముచ్చటపడి, పిల్లల్ని ఇలా ముందుకు తెచ్చే టీచర్లు తక్కువని మెచ్చుకుని వెళ్ళాడు. నేను కూడా సిగ్గులేకుండా ఆ మెప్పు పుచ్చుకున్నాను. ఒకరోజు బెల్లు కొట్టాక వరండాలో అడ్డంగా నిలబడ్డ పొడుగాటి మనిషిని పట్టుకుని, "ఏరా, బెల్లు వినపడలేదా, చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?" అని గదిమాను. "నేనండి మేడం" అన్నారు మా హెడ్మాస్టరు గారు. పిల్లలు ఘొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే సెలవు పెట్టాను.

సెలవులో ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నాను. మా ఆయన మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా. ఆయన ఆఫీసుకు వెళుతూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు చేతికందేలా పెట్టి, "ఎక్కడికీ కదలకే" అని చెప్పి వెళ్ళేవారు. మా అమ్మాయి అన్నం కలిపి పళ్ళెం చేతికిచ్చేది. ప్రేమగానే చేసేవాళ్ళు. ఆ ప్రేమకు నేను సామాన్ల జాబితాలో ఒక సామానునైపోయాను. ఇంటికి వచ్చినవాళ్ళు కూడా నా ఎదురుగానే "ఎలా ఉంటోందండి ఆవిడకి?" అని ఆయన్ని అడిగేవాళ్ళు.

చుక్కల మందు కోసం కళ్ళ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక నర్సు మాటల మధ్యలో అంది, "రాజమండ్రిలో చూపు పోయినవాళ్ళకి నడవడం, వండుకోవడం, ఫోన్ వాడడం నేర్పుతారు కదండి, మీరు వెళ్ళలేదా?" అని. మా ఇంటి నుంచి వంతెన దాటితే రాజమండ్రి. మూడేళ్ళుగా నెలనెలా అదే ఆసుపత్రికి వెళ్ళాను. చూపు పోయినవాళ్ళకు నేర్పే చోటు ఒకటుందని చూపు పోయినవాళ్ళు వచ్చే చోట ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ రోజు ఆ నర్సుకు దండం పెట్టాలో, వీళ్ళందరినీ తిట్టాలో తెలియక బస్టాండు దాకా ఏడుస్తూ వచ్చాను.

ఆ రాజమండ్రి కేంద్రంలో నాకు నేర్పిన మాస్టారు నాకంటే పదేళ్ళు చిన్న. చిన్నప్పుడే పూర్తిగా చూపు పోయినవాడు. మొదటి రోజు మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, నా వివరాలన్నీ ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. మాస్టారు అంతా విని, "అయ్యగారూ, మీరు బయట టీ తాగి సాయంత్రం నాలుగింటికి రండి" అన్నాడు. ఆయన వెళ్ళాక నాతో అన్నాడు.

"టీచరు గారూ, ఏమనుకోకండి. కళ్ళ సంగతి అలా ఉంచండి. మీకు మొగమాటం ఎక్కువండి. ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ళ వెనకాల వెళ్ళిపోతున్నారు. మీ చెయ్యి వాళ్ళకివ్వకూడదు. వాళ్ళ మోచెయ్యి మీరు పట్టుకోవాలి. అప్పుడు వాళ్ళు మిమ్మల్ని తీసుకెళ్ళరు, మీరే వాళ్ళతో వెళ్తారు."

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు పిల్లలకు నడక నేర్పినదాన్ని, నాకు నడక నేర్పుతాడా అనిపించింది. కానీ ఆ మాట నిజమని మధ్యాహ్నానికే తెలిసిపోయింది.

మూడు నెలలు నేర్చుకున్నాను. తెల్లకర్ర పట్టుకుని నడవడం బయటినుంచి చూసేవాళ్ళకు తేలికగా ఉంటుంది. ఎడమకాలు వేసేటప్పుడు కర్ర కుడివైపు నేలను తాకాలి, కుడికాలు వేసేటప్పుడు ఎడమవైపు. మణికట్టు మాత్రమే కదలాలి. రాజమండ్రి రోడ్ల మీద అది ఎంత చక్కగా చేసినా లాభం ఉండేది కాదు. కాలువ మీద మూత ఉండదు, ఫుట్‌పాత్ మీద మోటారు సైకిళ్ళు ఉంటాయి, అరటిగెలల బండి నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. మోకాళ్ళ కింద దెబ్బ తగలని రోజు లేదు. కళ్ళు పోతే చెవులు పెరుగుతాయంటారు. నాకేమీ పెరగలేదు. ఉన్న చెవులతోనే వినడం నేర్చుకోవాల్సి వచ్చింది, అదీ హారన్ల మధ్య.

ఒకరోజు నాకు ఓపిక నశించింది. గేదె తోక మొహానికి తగిలింది, వెనక నుంచి ఆటోవాడు "కళ్ళు కనపడట్లేదా?" అని అరిచాడు. కనపడట్లేదనేగా నా ఏడుపు! కర్రను విసిరికొట్టాను. మాస్టారు పక్కనే నిలబడ్డాడు. నేను తిట్టాల్సినవన్నీ తిట్టి ఆగాక, "అయిపోయిందాండి? ఇప్పుడు వెతుక్కోండి" అన్నాడు. నడిరోడ్డు పక్కన వంగి, చేత్తో తడుముతూ ఆ కర్ర దొరికేసరికి నా చీర కుచ్చిళ్ళు మట్టిమయమయ్యాయి. ఈ జన్మలో ఈ మనిషిని క్షమించకూడదనుకున్నాను. ఆ రోజు తర్వాత కర్ర ఎప్పుడూ విసరలేదు.

మెల్లగా వంట వచ్చింది. గ్లాసు అంచున వేలు పెట్టి టీ పోసుకోవడం వచ్చింది. చురుక్కుమన్నప్పుడు ఆపాలి, అంతే. ఫోను మాట్లాడడం మొదలుపెట్టింది. తెలుగును దొరసాని చదివినట్టు చదువుతుంది కానీ చదువుతుంది. లెక్కలు చెప్పడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు, నేనే తయారు చేసుకున్నాను. చెక్కకు వరసగా మేకులు కొట్టించి, వాటికి రబ్బరు బ్యాండ్లు తగిలించి త్రిభుజాలు, చతుర్భుజాలు చేసేదాన్ని. వేళ్ళతో తడిమితే బొమ్మ తెలుస్తుంది. మా వీధిలో పదో తరగతి చదివే నలుగురు ఆడపిల్లల్ని సాయంత్రం మా అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఒకటే నియమం పెట్టాను. పలక మీద రాసే ప్రతి అంకె పైకి చదువుతూ రాయాలి, నోటితో అననిది రాసినట్టు కాదు. వారం తిరిగేసరికి ఒక పిల్ల సమీకరణంలో గుర్తు మార్చడం మర్చిపోతే మధ్యలోనే ఆపి పట్టుకున్నాను. "మీకెలా తెలిసిందండీ?" అంది. నువ్వే చెప్పావుగా అన్నాను. ఏడాది తర్వాత ఆ రోజే నేను మళ్ళీ మనిషినయ్యాననిపించింది. లోపల గదిలో మా అమ్మాయి పుస్తకం ముందు కూర్చుని ఇదంతా వింటూనే ఉంది.

నాకు నేర్పడం సులువే, ఊరికి నేర్పడమే కష్టం. బస్సులో కండక్టరు మా ఆయన్ని అడిగాడు, "ఆవిడ ఎక్కడ దిగుతారండి?" అని. "ఆవిడ నోరు బాగానే పనిచేస్తుందండి. కొవ్వూరు" అన్నాను. కండక్టరు టిక్కెట్లు మాత్రం ఆయన చేతిలోనే పెట్టాడు. రోడ్డు దాటడానికి నిలబడితే వెనకనుంచి ఎవరో ఒకరు "రండమ్మా రండి" అంటూ రెక్క పట్టుకుని లాక్కెళ్ళి అవతల వదిలేవాళ్ళు. నేను దాటాలనుకున్నది ఆ రోడ్డు కాదని చెబితే, మళ్ళీ అంతే మర్యాదగా ఇవతలికి లాక్కొచ్చేవాళ్ళు. మా జిల్లాల్లో ఎవరినీ గట్టిగా వద్దనలేం. అంత మర్యాదగా అడ్డం పడతారు.

చర్చిలో మరీ ఘోరం. కర్రతో లోపలికి వెళ్ళిన మొదటి ఆదివారం, ప్రతివారం నా కోసం ప్రార్థన చేయించే పెద్దావిడ బాధపడిపోయింది. "వందనాలండి టీచరమ్మగారూ. మేమంతా మీ చూపు కోసం కన్నీళ్ళతో అడుగుతుంటే మీరు కర్ర పట్టుకుని వచ్చేశారేంటండి? నమ్మకం వదిలేసుకున్నట్టు కాదాండి?" అంది. దేవుడు చూపు ఇచ్చేలోపు గుమ్మం తన్నుకుని పడకుండా ఉండడానికండి అన్నాను. ఆవిడ పక్కకు తిరిగి మా ఆయనతో, "పాపం, మనసు విరిగిపోయిందండి" అంది.

సెలవు అయిపోవస్తుండగా మా అన్నయ్య వచ్చాడు. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. రూల్సు ఆయనకు పద్యాల్లా వస్తాయి. మా ఇంట్లో ఏ కాగితం కదలాలన్నా ఆయనే దిక్కు.

"చెల్లాయ్, నేను చెప్పేది కోపం తెచ్చుకోకుండా విను. నువ్వు ఉద్యోగానికి పనికిరావని మెడికల్ బోర్డు రాసిస్తే నీకు పెన్షనొస్తుంది, పిల్లకి కారుణ్య నియామకం కింద ఉద్యోగమొస్తుంది. నీకింకా సర్వీసుంది కాబట్టి ఇప్పుడైతే కుదురుతుంది. రిటైర్మెంటు దగ్గరపడ్డాక పెట్టుకుంటే ఇవ్వరు."

"చూపు పోయిందని నన్ను తీసెయ్యడానికి వీల్లేదు అన్నయ్యా. మా మాస్టారు చెప్పారు, చట్టం ఉంది."

"తీసెయ్యరే. నువ్వే వెళ్ళిపోతానంటావు. అదీ ఇదీ వేరు."

మా అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు. ఎమ్మెస్సీ లెక్కలు, బీయీడీ. డీఎస్సీ కోసం ఏళ్ళ తరబడి చదువుతోంది. ఒకసారి కొద్దిలో పోయింది. ఆ తర్వాత నోటిఫికేషను వస్తుందన్నారు, వాయిదా అన్నారు, కేసు అన్నారు. కారుణ్య నియామకంలో టీచరు ఉద్యోగం రాదు. ఏదో ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. నాకంటే బాగా లెక్కలు వచ్చిన పిల్ల ఫైళ్ళకు ట్యాగులు కట్టాలి. అయినా గవర్నమెంటు ఉద్యోగం.

అన్నయ్య మాట్లాడుతున్నంతసేపూ మా ఆయన దగ్గుతూ కూర్చున్నారు. మా అమ్మాయి వంటింట్లో ఉంది, గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రమ్మని పిలిస్తే వచ్చి, "నాకేం వద్దు, అమ్మ ఇష్టం" అంది. ఆ గొంతులో మాత్రం వద్దనడం ఎక్కడా వినపడలేదు.

మర్నాడు అది కోచింగుకు వెళ్ళాక దాని గదిలోకి వెళ్ళాను. గోడ పక్కన నోట్సులు, మోడల్ పేపర్లు దొంతరగా పెట్టి ఉంటాయి. కింద నుంచి పైకి తడిమాను. నా నడుము దాకా వచ్చింది. పైవాటి అట్టలు నున్నగా ఉన్నాయి, కిందవాటికి చెదపురుగులు పట్టకుండా వేపాకు పెట్టింది. నా ఉద్యోగం నాకు కావాలి. నా పాఠం నాకు కావాలి. కానీ ఆ దొంతర ముందు నిలబడి ఆ మాట ఎలా అనగలను? సాయంత్రం అన్నయ్యకు ఫోను చేసి సరే అన్నాను. కాదనడానికి ముఖం చెల్లలేదు, అంతకంటే ఏమీ లేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన కాగానే అన్నయ్య మా ఇంటికే భోజనానికి వచ్చాడు. తిన్నాక హాల్లో కుర్చీలు సర్దాడు.

"ఇది డాక్టర్ల టేబులు అనుకో. నువ్వు గుమ్మంలోంచి ఇక్కడి దాకా రావాలి. ఏదీ, నడు."

నడిచాను. నా ఇల్లు నాకు తెలుసు. అడుగులు లెక్కపెట్టుకుని, కుర్చీ పక్కనుంచి తిరిగి, టేబులు దగ్గర ఆగి చెయ్యి ఆనించాను. మాస్టారు చూస్తే, అంటే వింటే, సంతోషించేవాడు.

"అలా కాదమ్మా!" అన్నాడు అన్నయ్య విసుగ్గా. "మహారాణిలా నడిచేస్తున్నావ్. అలా నడిస్తే నిన్ను ఇన్‌స్పెక్షన్‌కి పంపిస్తారు, ఇంటికి పంపించరు. కాస్త తడబడాలి."

మళ్ళీ నడిచాను. ఈసారి దారిలో స్టూలు పెట్టాడు. పెట్టేటప్పుడు చప్పుడు విన్నాను కాబట్టి తప్పుకున్నాను.

"తప్పుకోకు. తగులు. అది తగలాలి!"

నా కాళ్ళకు ఆ మూడు నెలల దెబ్బల మచ్చలు ఇంకా ఉన్నాయి. తగలకుండా నడవడానికి తగిలించుకున్న దెబ్బలవి. ఇప్పుడు తగలడం నేర్చుకుంటున్నాను. పెన్ను ఇస్తే పక్కకు చెయ్యి చాపాలి. పేరు పిలిస్తే వేరే వైపు తల తిప్పాలి. సంతకం గీత దాటించాలి. "బావగారూ, మరీ అంత వద్దేమోనండి" అన్నారు మా ఆయన ఒకసారి. "చెయ్యాల్సిందేదో గట్టిగా చెయ్యాలి బావగారూ, బోర్డువాళ్ళు ఊరికే రాస్తారా?" అన్నాడు అన్నయ్య.

నాలుగోసారి నేను స్టూలును తన్నుకుని, చేతులు గాల్లో ఆడించి, టేబులు ఉన్న చోటికి కాకుండా టీవీ దగ్గరకు వెళ్ళి "నమస్కారమండి డాక్టరు గారూ" అన్నాను. మా అమ్మాయికి నవ్వాగలేదు. అన్నయ్య నవ్వాడు, మా ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో మా ఇంట్లో అందరం కలిసి నవ్వాం. ఆ తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

కర్రను బీరువా పైన పెట్టేశారు, ఎవరైనా చూస్తే బాగుండదని. ఆ వారమంతా వీధిలోకి వెళ్ళొద్దన్నారు, అరుగు మీద పాఠం కూడా ఆపమన్నారు. మాస్టారు ఫోను చేసి, "స్కూల్లో ఎప్పుడు చేరుతున్నారండి?" అని అడిగితే, ఇంకా ఆర్డరు రాలేదండి అని అబద్ధం చెప్పాను. "రాగానే చెప్పండి, దారి చూపించడానికి నేనొస్తాను" అన్నాడు.

బోర్డు ఉన్న రోజు పొద్దున్నే లేచి నలుగురికీ ఉప్మా చేశాను. ఆసుపత్రి వరండాలో జనం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. లోపలికి తోడు ఒక్కరే రావాలన్నారు. అన్నయ్య నా చెవిలో "గుర్తుందిగా" అన్నాడు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళాను. నా చెయ్యి దాని చేతిలో పెట్టాను, నేర్చుకున్నదాన్ని తిరగేసి.

గదిలో కుర్చీ దేనికో కాలు తగిలింది. అది నటనో నిజమో నాకే తెలియలేదు. లోపల ముగ్గురున్నారు. ఒకావిడ నా కళ్ళల్లో లైటు వేసి చూసింది, కాగితాలు చూసింది. నడవమంటే నడిచాను, అన్నయ్య నేర్పినట్టే. పెన్ను ఇస్తే పక్కకు చెయ్యి చాపాను. బాగా వచ్చింది. "అయ్యో, జాగ్రత్తమ్మా" అంది ఆవిడ. తర్వాత పెద్దాయన ఒకరు అడగడం మొదలుపెట్టారు. నన్ను కాదు, మా అమ్మాయిని.

"అమ్మగారికి వంటా అదీ మీరే చేస్తారా?"

"అవునండి."

పొద్దున్న ఉప్మాలో జీడిపప్పు బాగుందని రెండోసారి పెట్టించుకు తిన్నది అదే.

"ఒక్కరే బయటికి వెళ్ళగలరా?"

"వెళ్ళలేరండి."

"ట్రైనింగేమైనా ఇప్పించారా?"

"లేదండి."

ఒక్కొక్క మాటకూ మూడు నెలల్లో ఒక్కొక్క నెల పోయింది. మాస్టారు పోయాడు, కర్ర పోయింది, నడిరోడ్డు మీద మట్టిలో వెతుక్కున్న మధ్యాహ్నం పోయింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. దాని కోసమే కదా అనుకున్నాను.

"క్లాసులో పాఠం చెప్పగలరా మరి?" అన్నారు ఆయన.

మా అమ్మాయి మాట్లాడలేదు. నేను ఎదురుచూశాను. ఆ పిల్ల పదో తరగతిలో నా దగ్గరే లెక్కలు చదువుకుంది. అరుగు మీద నేను చెప్పిన ప్రతి పాఠం లోపలి గదిలోంచి విన్నది. దాని చెయ్యి నా చేతిలో తడిసిపోయింది. "చెప్పగలరా అమ్మా?" అని ఆయన మళ్ళీ దాన్నే అడిగారు. ఇద్దరి మధ్యలో నేను కూర్చుని ఉన్నాను. నా పాఠం గురించి నన్ను తప్ప అందరినీ అడుగుతున్నారు. ఇక ఆగలేకపోయాను.

"చెప్పగలనండి" అన్నాను. "మూడు నెలలు ట్రైనింగు తీసుకున్నాను. వంట నేనే చేస్తాను. నా కర్ర ఇంట్లో ఉంది."

లైటు వేసి చూసినావిడ మెల్లగా, "ఎలా చెప్తారండి?" అని అడిగింది. ఆ రోజు నన్ను నేరుగా అడిగిన మొదటి ప్రశ్న అది. టేబులు అంచు మీద ఆవిడ వేలు పెట్టించి సరూప త్రిభుజాలు చెప్పాను. స్కూల్లో ఇది తనకు ఎప్పుడూ అర్థం కాలేదంది ఆవిడ. తగిన సదుపాయాలతో విధులు నిర్వర్తించగలరని రాసి ఇచ్చారు.

బయటికి వచ్చేటప్పుడు మా అమ్మాయి చెయ్యి పట్టుకోలేదు. మోచెయ్యి ముందుకు పెట్టి, "పట్టుకో" అంది. అచ్చం మాస్టారు నేర్పినట్టు, ఎక్కడా తగలకుండా గేటు దాకా తీసుకొచ్చింది. కాగితం చదివిన అన్నయ్య మాత్రం ఆసుపత్రి అదిరేలా అరిచాడు. "పిల్ల నోటి దగ్గర కూడు లాగేశావు కదే! చిన్నప్పట్నుంచీ ఇంతే నీ పంతం" అన్నాడు. మా ఆయన "బస్సు వెళ్ళిపోతుందండి, పదండి" అన్నారు.

అంత చేసి స్కూలుకు వెళితే హెడ్మాస్టరు గారు కుర్చీ తెప్పించి ఫ్యాను కింద వేయించారు. "మీరు సంతకం పెట్టి కూర్చోండి మేడం. క్లాసులు మేం చూసుకుంటాం. మీకెందుకండి శ్రమ?" అన్నారు. మొదటి రోజు ఊరుకున్నాను. రెండో వారం కూడా అదే మాట. అటెండరు టీ తెచ్చి చేతిలో పెట్టేవాడు, గ్లాసు సగమే పోసి. పక్క గదిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఖాళీ పీరియడులో అరుస్తుంటే నేను ఫ్యాను కింద కూర్చుని వినాలి. చివరికి ఆయన గదిలోకి వెళ్ళి, "ఊరికే కూర్చోవడానికైతే మా అమ్మాయి ఉద్యోగం పోగొట్టేదాన్ని కాదండి" అన్నాను. ఆయనకు ఆ మాట పూర్తిగా అర్థమై ఉండదు. కానీ ఎనిమిదో తరగతి ఇచ్చారు.

ఇప్పుడు రోజూ కర్రతో వెళుతున్నాను, వస్తున్నాను. పిల్లలు పైకి చదువుతూ బోర్డు మీద రాస్తారు. ఒక్కోరోజు బాగా జరుగుతుంది, ఒక్కోరోజు వెనక బెంచీలవాళ్ళు నన్ను ఆటపట్టిస్తారు. మేకుల చెక్క ఒకసారి ఎవరో దాచేశారు. చేతకాదని ఎవరైనా అంటారేమోనని ప్రతిరోజూ రెండు రోజుల పని చేస్తున్నాను. ఒళ్ళు హూనమవుతోంది.

మా అమ్మాయి రెండు నెలలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. పుస్తకం మారింది, కొత్త పాఠాలు వచ్చాయి. కథలూ కబుర్లూ చదివే ఫోను భిన్నం దగ్గరకు రాగానే తడబడి ఏదేదో వాగుతుంది. మా ఆయనకు లెక్కలు రావు. ఒక సాయంత్రం గత్యంతరం లేక అమ్మాయినే పిలిచాను. వచ్చి పక్కన కూర్చుని చదివింది. ఎంత బాగా చదివిందంటే, ఎక్కడ ఆగాలో, ఏది లవమో ఏది హారమో మళ్ళీ అడగాల్సిన పని లేకుండా చదివింది. ఈ పిల్లకు ఇంకా క్లాసు లేదు కదా అనిపించింది. మనసులో ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు బోర్డులో ఎందుకు మాట్లాడలేదే?"

అది పేజీ తిప్పబోయి ఆగింది.

"మాట్లాడబోతున్నానమ్మా. నువ్వే ముందు చెప్పేశావు."

"ఏమని చెప్పబోయావు?"

"చెప్పలేరని."

నాకు విపరీతమైన కోపం వచ్చింది. దాని వయసులో, ఆ దొంతర ముందు కూర్చుని నేనైనా అదే చెప్పేదాన్నని తెలిసి ఇంకా కోపం వచ్చింది. అది లేచి వెళ్ళిపోలేదు. తర్వాతి లెక్క చదవమన్నాను. చదివింది.